నడక తప్పిన డిస్కు

మైకమ్మ గొంతు తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ముఖం తెలిసినవాళ్ళను మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే ఉద్యోగం ఆమెది. పొద్దున ఆరింటికి అద్దాల గదిలో కూర్చుంటే మధ్యాహ్నం రెండింటి దాకా “ప్రయాణికులకు మనవి” అంటూనే ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా అదే మాట, అదే గొంతు. కూరగాయల కొట్టులో నిలబడి “అరకిలో టమాటాలివ్వండి” అందంటే చాలు, పక్కనున్న మనిషి ఉలిక్కిపడి సంచీ అందుకుంటాడు.

ఇది జీతం తెచ్చే గొంతు సంగతి. జీతం తేని గొంతు ఇంకొకటుంది. దానికోసం మైకమ్మ చెవి కోసుకుంటుంది. మూడింటికి ఇల్లు చేరి, భోజనాల బల్ల మీద నాలుగు మందపాటి బొంతలు పరిచి, అవి నేల దాకా వేలాడేలా సర్దుతుంది. బల్ల కిందికి దూరి, బాసింపట్టు వేసుకుని, బల్ల కాలికి కట్టిన మైకు ముందు పాఠ్యపుస్తకాలు చదువుతుంది. చూపులేని పిల్లలు వినడానికి. పదకొండేళ్ళలో ఇరవై మూడు పుస్తకాలు అలా చదివింది. చరిత్ర చదివింది, అర్థశాస్త్రం చదివింది. ఒకసారి పశువుల రోగాల మీద నాలుగు వందల పేజీలు చదివి, ఆ తర్వాత వారం రోజులు వీధిలో ఏ ఆవు కనబడినా దాని నాలుక వంక అనుమానంగా చూసింది.

నిశ్శబ్దం కోసం ఆమె పడే పాట్లు చెబితే నవ్వుతారు, నవ్వండి, నాకేం. చదవబోయే ముందు ఫ్యాను ఆపుతుంది. కుళాయికి గుడ్డ కడుతుంది. ఫ్రిజ్ కూడా ఆపేస్తుంది. ఆపింది మళ్ళీ వెయ్యడం మరిచిపోయి మూడుసార్లు పాలు విరిగాక, ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. ఫ్రిజ్ ఆపగానే బస్టాండు గుర్తింపు కార్డును తీసి అందులో పెడుతుంది. మర్నాడు పొద్దున కార్డు కోసం తలుపు తీయక తప్పదు, లోపల దీపం వెలగకపోతే స్విచ్చి గుర్తురాక తప్పదు. అందుకే మైకమ్మ మెళ్ళో కార్డు ఎప్పుడూ చల్లగా ఉంటుందని బస్టాండులో ఒక హాస్యం.

ఇక ఆమె భర్త. గడియారాలు బాగుచేస్తాడు, కాబట్టి ఆయన్ని అందరూ గడియారాలాయన అంటారు. మూడు వీధుల అవతల ఆయన కొట్టు, బారెడు వెడల్పు ఉంటుంది. నాలుగు గోడల మీదా గడియారాలే. ఆయన ఎడమ మణికట్టు మీద కీ ఇచ్చే పాతకాలపు చేతి గడియారం ఒకటి ఉంటుంది. పని నేర్పిన గురువు ఇచ్చినది. స్నానానికి తప్ప తీయడు. “చేతికి గడియారం లేనివాడు గడియారం బాగుచేస్తే ఎవడు నమ్ముతాడు?” అంటాడు. పెళ్ళాం బల్ల కిందికి దూరి చదవడాన్ని ఆయన “గుడారం పని” అంటాడు. తప్పుపట్టడు, మెచ్చుకోడు. ఆమె చదివే వేళకి కొట్లో ఉంటాడు కాబట్టి, పదకొండేళ్ళలో ఒక్క పేజీ కూడా వినలేదు.

ఇప్పుడు ఆమె చదువుతున్నది ఇరవై నాలుగో పుస్తకం. సాక్ష్యం గురించిన చట్టం. పదహారు పాఠాలు. లా చదువుకుంటున్న ఒక అమ్మాయి కోసం. ఆ పుస్తకం ఎప్పుడో అచ్చయింది. అక్షరాలు అలుక్కుపోయి ఉండడంతో కంప్యూటర్ గొంతులు దాన్ని చదవలేక నత్తి కొడుతున్నాయి. కిందటేడు ఆ అమ్మాయి ఎవరో హడావిడిగా చెప్పిన నోట్సు పట్టుకుని ఆ ఒక్క పరీక్షా తప్పింది. ఈసారీ తప్పితే కాలేజీలో సీటు పోతుంది. పరీక్షకి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. మైకమ్మ పద్నాలుగు పాఠాలు చదివేసింది, రెండే మిగిలాయి.

అదిగో, సరిగ్గా అక్కడ లాప్‌టాప్ మొరాయించింది. పదిహేనో పాఠం మొదలుపెట్టబోతే తెర మీద అక్షరాలు వచ్చాయి. హార్డ్ డిస్కులో జాగా లేదు.

మామూలు మనిషైతే విసుక్కునేది. మైకమ్మ ముఖం చాటంతైంది. కొత్త డిస్కు కొనడానికి ఒక సాకు కోసం ఆమె రెండేళ్ళుగా చూస్తోంది మరి. సాయంత్రం భర్త ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కోనివ్వకుండానే మొదలుపెట్టింది.

“ఏమండీ, ఎక్స్‌టర్నల్ కొనేద్దాం. ఎర్రటిది చూశాను, అరచేతిలో పట్టేంత ఉంది. వైరు తగిలిస్తే పని చేస్తుంది, పీకేస్తే సంచీలో వేసుకుని పోవచ్చు. పిల్లలెవరడిగినా అక్కడికక్కడే ఎక్కించి ఇచ్చేయొచ్చు!”

“లోపల ఉన్నదాని సంగతేంటి?”

“దానికేం, శుభ్రంగా ఉంది. కడుపు నిండింది, అంతే.”

రెండోరోజు ఆ లా అమ్మాయి ఫోన్ చేసింది. ఇక్కడొక సంగతి చెప్పాలి. పుస్తకం మొత్తం చదివి, మొదటినుంచీ మళ్ళీ విని, తప్పులు దిద్దాక తప్ప మైకమ్మ ఎవరికీ ఇవ్వదు. బస్టాండు నేర్పిన బుద్ధి అది. ఒకసారి మైకులో తప్పు నంబరు పలికితే నలభైమంది తప్పు బస్సెక్కుతారు. వాళ్ళను వెనక్కి పిలవడానికుండదు. కాబట్టి చదివినదంతా ఆ ఒక్క లాప్‌టాప్‌లోనే ఉంటుంది, ఇంకెక్కడా ఉండదు. నేనైతే దీన్ని జాగ్రత్త అనను, మొండితనం అంటాను. ఆ అమ్మాయి క్లాసు టెస్టుల కోసం బతిమాలితే, అతి కష్టం మీద రెండంటే రెండు పాఠాలు పంపింది. ఒకటోదీ, పన్నెండోదీ.

“అక్కా, ఒక మాట అడగనా? మీ వెనకాల ఒక చప్పుడుంటుంది కదా, టిక్కుటిక్కుమని.”

మైకమ్మ ప్రాణం చివుక్కుమంది. “వినబడుతోందా? లాప్‌టాప్ డిస్కు తిరిగే చప్పుడమ్మా అది. మైకు వైరు పొట్టిది, లాప్‌టాప్‌ని దగ్గరే పెట్టుకోవాలి. ఎంత తీసేద్దామన్నా పోవట్లేదు.”

“అయ్యో, చప్పుడుంటే నాకేం ఇబ్బంది లేదక్కా. కానీ అది మారింది. మొదటి పాఠంలో సాఫీగా పోయేది. పన్నెండులో మూడు టిక్కులు పడి, ఒకటి ఆగి, తర్వాత రెండు గబగబా పడుతున్నాయి. ఎవరో కుంటుతూ మెట్లెక్కుతున్నట్టు. లాప్‌టాప్ బాగానే ఉందా అక్కా?”

ఫోన్ పెట్టీపెట్టగానే మైకమ్మ లాప్‌టాప్‌ని చంకన పెట్టుకుని మూడు వీధులూ దాటి భర్త కొట్టుకి పరిగెత్తింది. చెప్పుల్లో ఒకటి ఆమెది, ఒకటి ఆయనది.

రొప్పుతూనే ఆ అమ్మాయి అన్నదంతా గడియారాలాయనకి చెప్పింది. గడియారాల మోత వినబడకుండా ఆయన వెనక గదిలోకి తీసుకెళ్ళి తలుపేశాడు. లాప్‌టాప్ ఆన్ చేయించి, దాని అడుగున చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఒక నిమిషం అయింది. రెండు నిమిషాలయింది.

“ఏమైందో చెప్పండి, ప్రాణం తీయకుండా!”

“ష్.” మళ్ళీ విన్నాడు. లేచి చెవి తుడుచుకున్నాడు. “ఆ అమ్మాయి చెప్పింది నిజమే. నడక తప్పింది. ఏదో అరిగింది, తిరిగేది మధ్యలో తడబడుతోంది. చేతి గడియారం ఇలా నడుస్తుంటే నేను ఆ మనిషికి ఒకటే చెబుతాను, ఇవాళో రేపో ఆగుతుందని.”

“ఆగితే?”

“గడియారం ఆగితే టైమే పోతుంది. ఇందులో ఏం పోతుందో నీకు తెలియాలి.”

ఇందులో, పంపిన రెండూ పోను, పన్నెండు పాఠాలు పోతాయి. ఇరవై మూడు పాత పుస్తకాలు పోతాయి. ఆ అమ్మాయి సీటు పోతుంది. మైకమ్మ లాప్‌టాప్‌ని మళ్ళీ చంకన పెట్టుకుని కొట్టు కట్టేయమంది.

ఆ సాయంత్రమే ఇద్దరూ కంప్యూటర్ షాపుకి వెళ్ళారు. షాపతను మాటకారి, మంచివాడు కూడా. చెవితో రోగం కనిపెట్టామంటే పకపకా నవ్వాడు. “సార్, డిస్కు నిండితే అలాగే మెల్లగా నడుస్తుంది. మా దగ్గర చెక్ చేసే ప్రోగ్రాం ఉంది, అది చెప్పాలి గానీ చెవులేం చెబుతాయి?” అంటూ లాప్‌టాప్‌కి ఏదో తగిలించాడు. పావుగంటకి తెర మీద ఒక ఎర్ర గీత వచ్చింది. షాపతను నవ్వు మధ్యలోనే ఆపేసి గడియారాలాయన చెవుల వైపు ఒకసారి చూశాడు.

“మేడమ్, సార్ చెప్పిందే కరెక్టు. ఇది పోయేట్టుంది.”

“ఇప్పుడు ఏది కొనమంటారు? లోపలిదా, బయటిదా?” అంది మైకమ్మ.

పేచీ ఇక్కడే వచ్చింది. చేతిలో ఉన్న డబ్బుకి ఒక్కటే కొనగలరు. ఎక్స్‌టర్నల్ కొంటే రికార్డింగులు బతుకుతాయి, కానీ లోపలి డిస్కు ఆగిన రోజున లాప్‌టాప్ ఉత్త రేకుడబ్బా. మిగిలిన పాఠాలు దేంట్లో చదవాలి? ఇంటర్నల్ కొంటే లాప్‌టాప్‌కి కొత్త ప్రాణం వస్తుంది, కానీ పాతది తీస్తే గానీ కొత్తది పట్టదు. అందులో ఉన్నవాటిని తీసుకొచ్చేదెలా? షాపతను నాలుగురోజులు తనకు వదిలేసి వెళ్ళమన్నాడు. మైకమ్మ లాప్‌టాప్‌ని గట్టిగా ఒళ్ళోకి లాక్కుంది.

“ముందు అన్నీ వినిపించండి,” అంది.

“వినిపించడమేంటి మేడమ్?”

“మీ ఫ్యాను ఆపండి. ఆ బయటి తలుపు కూడా వేయండి.”

హార్డ్ డిస్కులను అందరూ చూసి కొంటారు, కొలత అడిగి కొంటారు. చెవి దగ్గర పెట్టుకుని కొనేవాళ్ళను ఆ షాపతను అప్పటిదాకా చూసి ఉండడు. చెమటలు కక్కుతూ ఒక్కొక్కటే తగిలిస్తున్నాడు. మైకమ్మ మోజుపడ్డ ఎర్ర డబ్బా మొదటి వంతు. చెవికి ఆనించగానే ఆమె మూతి ముడుచుకుంది. “ఇదీ మాట్లాడుతోందండీ. సన్నగా ఈల వేస్తోంది.” భర్తకి అందించింది. ఆయన విని తలూపాడు. ఇంకోటి అంతకన్నా మెత్తగా ఉంది గానీ, మైకు పక్కన పెట్టేంత మెత్తగా లేదు.

ఆఖరికి షాపతను చిన్న పలకలాంటిది ఒకటి తీశాడు. “ఇది లోపల పెట్టేది. ఎస్ఎస్‌డీ. ఇందులో తిరిగేదేమీ ఉండదు, అంతా చిప్పులే.” ఒక ఉత్త డబ్బాలో దాన్ని బిగించి, వైరు పెట్టి ఇచ్చాడు.

మైకమ్మ ఒక చెవికి పెట్టుకుంది. ఇంకో చెవికి మార్చింది. “పని చేస్తోందా?”

“చేస్తోంది మేడమ్, లైటు చూడండి.”

“ఏమీ వినబడట్లేదే!” మైకమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. “ఏమండీ, వినండి, వినండి. ఏమీ లేదు! అసలు ఏమీ లేదు!”

గడియారాలాయన విన్నాడు. ఆయన ముఖంలో మాత్రం నమ్మకం లేదు. “చప్పుడు చేయనిది బతికుందో లేదో ఎలా తెలుసుకోవడం?” అని గొణిగాడు. తర్వాత చేతిలోని డబ్బాను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఉన్నట్టుండి అడిగాడు. “ఇది లోపల పెట్టేదన్నారు. మరి ఇప్పుడు బయట డబ్బాలో పెట్టి నడిపిస్తున్నారు కదా?”

“అవును సార్. డబ్బాలో ఉంటే ఎక్స్‌టర్నల్, తీసి లాప్‌టాప్‌లో బిగిస్తే ఇంటర్నల్. కొలత ఒకటే.”

“అయితే ఈ డబ్బా కూడా ఇవ్వండి. ముందు దీన్ని బయట పెట్టి పాతదాంట్లో ఉన్నవన్నీ ఇందులోకి తోడేస్తాం. తర్వాత పాతది పీకి, దీన్నే లోపల బిగిస్తాం.”

షాపతను నోరు వెళ్ళబెట్టాడు. తానే చెప్పవలసిన మాట అది. ఎక్స్‌టర్నల్ అమ్ముదామన్న తొందరలో మరిచిపోయాడు పాపం. ఆ సిగ్గుతోనే కావచ్చు, కొత్త డిస్కును రెండు అరలుగా విడదీసి పెట్టాడు. పెద్ద అర రికార్డింగులకి, చిన్న అర విండోస్‌కి. తోడిపోసుకోవడం అయ్యాక తెస్తే రికార్డింగులు ముట్టుకోకుండా విండోస్ వేసిస్తానన్నాడు.

మర్నాడు మైకమ్మకి వారాంతపు సెలవు. గడియారాలాయన కొట్టు తెరవలేదు. వంటగది బల్ల మీద లాప్‌టాప్, దాని పక్కన డబ్బాలో కొత్త డిస్కు, రెంటి మధ్యా వైరు. ముందు ఏది తోడాలన్నదాని గురించి చర్చే లేదు. సాక్ష్యం చట్టమే ముందు.

ఒకటో పాఠం వెళ్ళింది. మైకమ్మ చప్పట్లు కొట్టింది. రెండు, మూడు వెళ్ళాయి. నాలుగో పాఠం వెళ్తుంటే ఆమె కాలు నిలవక గదంతా తిరిగింది. “బస్సు నంబరు ఐదు, ఐదో ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరుతోంది!” అని మైకు గొంతుతో అరిచింది. భర్త నవ్వాపుకోలేకపోయాడు. తొమ్మిదో పాఠం దాకా అదే ఊపు. పదోది సగంలో ఉండగా తెర మీద ఆకుపచ్చ గీత ఆగిపోయింది. లోపలి నుంచి టక్కుమని ఒక దెబ్బ వినిపించింది. తర్వాత ఇంకొకటి.

“ఏమండీ!”

“విన్నాను.”

పది నిమిషాలు చూశారు. గీత కదల్లేదు. ఆపి మళ్ళీ ఆన్ చేశారు. పదో పాఠం దగ్గర మళ్ళీ అదే టక్కు. మైకమ్మకి కళ్ళనీళ్ళు ఆగలేదు. “నాదే తప్పు. చదివింది చదివినట్టు ఆ పిల్లకి పంపి ఉంటే ఈ గతి పట్టేదా? తప్పులు దిద్దుతానని పొదిగాను. ఇప్పుడు ఆ పిల్ల దగ్గరున్న పన్నెండోది పోను నాలుగు పాఠాలు మళ్ళీ చదవాలి, ఇంకా చదవనివి రెండు. ఆరు పాఠాలు పదహారు రోజుల్లో ఎప్పుడు చదవను, ఆ పిల్ల ఎప్పుడు వినను?”

గడియారాలాయన లాప్‌టాప్ వంక అలాగే చూస్తూ తన చేతి గడియారం తిప్పుకుంటున్నాడు. ఏదైనా పెద్ద ఆలోచనలో ఉన్నప్పుడు ఆయనకది అలవాటు. చివరికి అన్నాడు.

“గడియారాన్ని వెల్లకిలా పెడితే ఒక నడక, బోర్లా పెడితే ఒక నడక, నిలబెడితే ఇంకో నడక. అరిగిపోయింది ఒక పక్కన ఆగిందంటే, ఇంకో పక్కన కాసేపు నడుస్తుంది. మా గురువుగారు ఆగిపోయిన గడియారాన్ని అన్ని పక్కలా పెట్టి చూడందే విప్పనిచ్చేవారు కాదు.”

“ఇది గడియారం కాదండీ!”

“తిరుగుతోందా లేదా?”

తిరుగుతోంది. అందులో వాదన లేదు. ఆయన లాప్‌టాప్‌ని పూర్తిగా ఆపేశాడు. “నడుస్తుండగా కదిపితే ఉన్నది కూడా పోతుంది,” అని, బాగా చల్లారే దాకా చేయి వేయనివ్వలేదు. అరగంట తర్వాత దాన్ని సగం తెరిచిన పుస్తకంలా పక్కకి నిలబెట్టి, రెండు వైపులా మందపాటి నిఘంటువులు ఆనించి, ఆన్ చేశాడు. తెర నిలువుగా ఉంది, అక్షరాలు అడ్డంగా పడుకున్నాయి. మైకమ్మ మెడ వంచి, తల భుజం మీద వాల్చి, మౌస్ పట్టుకుని పదో పాఠం మీద నొక్కింది.

టక్కు వినబడలేదు. కుంటుతూనే, ఆగి ఆగి, టిక్కుటిక్కుమంటూ నడిచింది. గీత కదిలింది.

పదో పాఠం వెళ్ళింది! మైకమ్మ కేక పెట్టబోయి నోరు తానే మూసుకుంది, ఆ కేకకి అది ఎక్కడ బెదిరిపోతుందోనని. ఇద్దరూ మెడలు ఒక పక్కకి వంచుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. పదకొండు వెళ్ళింది. పన్నెండు వెళ్ళింది. పదమూడు దగ్గర మళ్ళీ బిగుసుకుంది. “దాన్ని వదిలెయ్, ముందుకి పో,” అన్నాడాయన. పద్నాలుగు వెళ్ళింది! పాత పుస్తకాలు ఒక్కొక్కటే కదిలాయి. పశువుల రోగాలు సహా ఇరవై ఒకటి వచ్చాక, మధ్యాహ్నం మూడుంబావుకి లోపల ఏదో సన్నగా గీరుకుని చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. ఎటు తిప్పినా మళ్ళీ లేవలేదు.

ఒక పాఠం, రెండు పాత పుస్తకాలు పోయాయి. తక్కినవన్నీ చేతికొచ్చాయి. మైకమ్మ భర్త రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. “మీ గురువుగారికి దణ్ణం పెట్టాలండీ!” అని ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది.

ఆ సాయంత్రం షాపుకి వెళ్ళాక కూడా విప్పే పని ఆయన ఎవరికీ ఇవ్వలేదు. తెల్లకాగితం మీద లాప్‌టాప్ అడుగు బొమ్మ గీసుకుని, తీసిన ప్రతి మరనూ దాని చోటున పెట్టుకుంటూ, కంటికి భూతద్దం తగిలించుకుని పదకొండు మరలు విప్పాడు. ఆగిపోయిన డిస్కును బయటికి తీశాడు. కొత్తదాన్ని డబ్బాలోంచి తీసి లోపల కూర్చోబెట్టాడు. పదకొండు మరలూ బిగించాక కాగితం మీద ఒక్కటీ మిగల్లేదు. అది చూసి షాపతను ఆయన్ని తన షాపులో చేరిపొమ్మన్నాడు. షాపతను విండోస్ వేసివ్వగానే మైకమ్మ అక్కడే కూర్చుని పదమూడు పాఠాలూ ఆ అమ్మాయికి పంపేసింది. దిద్దకుండానే పంపింది. పంపి, “తప్పులుంటే నువ్వే చెప్పమ్మా, ఇక దాచను,” అని ఫోన్‌లో చెప్పింది. ఖాళీ డబ్బాను జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకుంది. వచ్చే జీతానికి అందులోకి ఇంకో డిస్కు వస్తుంది. ప్రతి పాఠానికీ ఒక నకలు బయట ఉంటుంది.

మర్నాడు మూడింటికి బొంతలు పరిచింది. ఫ్రిజ్ ఆపి కార్డు అందులో పెట్టింది. లాప్‌టాప్ ఆన్ చేస్తే పది క్షణాల్లో లేచి కూర్చుంది. చప్పుడు లేదు. చెవిలో వేలు పెట్టుకున్నట్టుంది. పోయిన పదమూడో పాఠాన్ని మైకమ్మ ఏకబిగిన చదివింది. దొంగ సాక్షిని ఎలా ప్రశ్నించాలో చెప్పే పాఠం అది. గొంతు ఎక్కడా తడబడలేదు. చదవడం ఆపీఆపగానే ఆ అమ్మాయికి పంపేసింది.

బల్ల కింద నుంచి పాకుతూ బయటికి వస్తే, బల్ల పక్కన కుర్చీలో భర్త ఉన్నాడు. కొట్టుకి వెళ్ళలేదు. ఎడమ చేయి బల్ల మీద ఆనించుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

“మీరు ఎప్పుడొచ్చారు?”

“వెళ్తే కదా రావడానికి.” కళ్ళు తెరిచాడు. “ఆ దొంగ సాక్షి సంగతి బాగుంది. తర్వాతేమవుతుంది?”

పదకొండేళ్ళుగా ఈ మాట కోసమే ఎదురుచూసిందని మైకమ్మకి అప్పుడే తెలిసింది.

గంటలోపే ఫోన్ మోగింది. స్పీకరులో పెట్టింది.

“అక్కా, పదమూడు విన్నాను. ఎంత బాగుందో! కుంటి చప్పుడు పోయింది. కానీ అక్కా, వెనకాల ఇంకో టిక్కుటిక్కు వస్తోంది. చాలా చిన్నది. కొత్త డిస్కుది కూడా తప్పిందేమోనని మూడుసార్లు విన్నాను. అస్సలు తప్పలేదు, చాలా సాఫీగా ఉంది. అది ఏంటక్కా?”

మైకమ్మ బల్ల వంక చూసింది. ఆ బల్ల కాలికే కట్టిన మైకు వంక చూసింది. ఆ బల్ల మీదే ఆనించి ఉన్న చేతి వంక చూసింది. గడియారాలాయన దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా చేయి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

“అది మీ బావగారమ్మా,” అంది మైకమ్మ. “మళ్ళీ చదివి పంపనా?”

“అయ్యో, వద్దక్కా. పక్కన ఎవరో కూర్చుని నాతో పాటు వింటున్నట్టుంది.”

ఫోన్ పెట్టేశాక మైకమ్మ పదిహేనో పాఠం తీసింది. బొంత ఎత్తి బల్ల కిందికి వంగబోతూ వెనక్కి చూసింది. గడియారాలాయన మణికట్టు నుంచి గడియారం విప్పుతున్నాడు. పట్టీ కింద ముప్పై ఏళ్ళుగా ఎండ చూడని చర్మం తెల్లగా ఉంది. గడియారాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో ఆమె కార్డు పక్కన పెట్టి, తలుపు మెల్లగా మూసి, వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు.

“ఊఁ, చదువు,” అన్నాడు.